అన్నిటికీ 'అసహ్యం' అనే డిక్షనరీ యాప్

పేరు రాయను కానీ, ఈ ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ యాప్ మూడు నెలలుగా నా ఫోన్‌లో ఉంది. ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. రెండు మాటలు వెతికితే ఒక యాడ్ వస్తుంది, దానికీ సర్దుకుపోవచ్చు. గొడవంతా అర్థాల దగ్గరే.

మొన్న ఒక ఒప్పంద పత్రం తెలుగులోకి మారుస్తుంటే 'రిపగ్నెంట్' అనే మాట తగిలింది. దాని నామవాచకం 'రిపగ్నెన్స్' టైప్ చేస్తే 'అసహ్యం' అని వచ్చింది. మరి 'అవర్షన్' సంగతేంటా అని చూస్తే అదీ అసహ్యమే, 'అబ్‌హారెన్స్' కూడా అసహ్యమే, 'డిస్‌గస్ట్' సరేసరి. రోత, ఏవగింపు, వెగటు, జుగుప్స, గిట్టకపోవడం, ఇన్ని మాటలు పెట్టుకుని ఒక్కదాన్నే నలుగురికీ సర్దడం ఏం పిసినారితనమో!

విసుగొచ్చి యాప్ తీసేద్దామనుకుంటూ కిందికి జరిపితే, యాడ్ కింద బూడిద రంగు సన్నక్షరాల్లో 'మూలం' అని ఒక బటన్ కనిపించింది. నొక్కితే అది వేరే మనిషెవరో రాసినట్టుంది. లాటిన్‌లో 'పుగ్నుస్' అంటే పిడికిలి, దాని చుట్టమే 'పుగ్నారే', అంటే కొట్లాడటం, దానికి ముందు 'రె' చేరితే ఎదురు తిరగడం. బాక్సర్‌ని 'ప్యూజిలిస్ట్' అనేదీ ఈ కుటుంబం మాటే. రిపగ్నెన్స్‌కి మొదట్లో రోతతో పనే లేదన్నమాట, రెండు విషయాలు పొసగకపోవడమే దాని అర్థం. ఒక చట్టం ఇంకో చట్టానికి రిపగ్నెంట్ అని లాయర్లు ఇప్పటికీ అంటారు, అక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు. నా పత్రంలో ఉన్నదీ ఆ అర్థమే, యాప్‌ని నమ్మి ఉంటే "ఈ నిబంధన ఆ నిబంధనకి అసహ్యం" అని రాసిచ్చేవాణ్ని.

మిగతా మాటలకీ మూలం బాగా ఇచ్చారు. అవర్షన్ అంటే మొహం తిప్పుకోవడం, డిస్‌గస్ట్‌లో ఉన్నది రుచి, కాబట్టి మన వెగటు దానికి సరిగ్గా అతుకుతుంది. అబ్‌హారెన్స్‌లో అయితే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఉంది, ఒళ్లు జలదరించడం అంటామే, అదే.

ఉచ్చారణ మాత్రం వినకండి. 'పుగ్నారే' కుటుంబంలోదే 'ఇంప్యూన్' (impugn, తప్పుపట్టడం), దాన్ని గొంతు చించుకుని 'ఇంపగ్న్' అంటుంది.

మూలానికి 5 స్టార్లు, అర్థాలకి 1, కలిపి 3 ఇచ్చాను. ఆ బటన్‌ని పైకి తెమ్మని వాళ్లకి రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మెయిల్ వచ్చింది, బటన్ ఇంకా యాడ్ కిందే ఉంది.