కంపెనీ ఫీజు తీసుకునే బయోఎథిసిస్టా, తీసుకోనివారా: ఎవరు మేలు?

మందుల కంపెనీలు, జీన్ థెరపీ (జన్యువుల ద్వారా చేసే చికిత్స) స్టార్టప్‌లు నైతిక సలహాల కోసం బయోఎథిసిస్టులను, అంటే వైద్య పరిశోధనల్లో తప్పొప్పులు తేల్చే నిపుణులను, పెట్టుకుంటాయి. ఆ నిపుణుల ముందున్నవి రెండు దారులు. ఫీజు తీసుకుని ఆ సంగతి బాహాటంగా చెప్పడం ఒకటి. అసలు పైసా ముట్టకపోవడం రెండోది.

మొదటి దారిని కొట్టిపారేయలేం. ప్రయోగం మొదలవకముందే ప్రోటోకాల్ (ప్రయోగం ఎలా చేస్తారో చెప్పే ప్రణాళిక) చేతికొస్తుంది. ప్రయోగంలో పాల్గొనేవాళ్లు సంతకం చేసే అంగీకార పత్రంలో ఏ ప్రమాదాన్ని చిన్నది చేసి రాశారో అప్పుడే పట్టుకోవచ్చు. బయటివాళ్లకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. కాకపోతే "డబ్బు తీసుకున్నానని చెప్పేశాను కదా" అన్న సమర్థన దగ్గరే నాకు పేచీ.

కెయిన్, లోవెన్‌స్టీన్, మూర్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగం చూడండి. జాడీలో ఉన్న నాణేల విలువ ఎంతో కొందరు దూరం నుంచి చూసి చెప్పాలి. దగ్గర నుంచి చూసిన సలహాదారులు వాళ్లకు సాయం చేస్తారు. అవతలివాళ్ల అంచనా ఎంత పెరిగితే తమకు అంత డబ్బొస్తుందన్నప్పుడు సలహాదారులు విలువ పెంచి చెప్పారు. అందులో వింతేమీ లేదు. తమ లాభం సంగతి ముందే బయటపెట్టినవాళ్లు ఇంకా పెంచి చెప్పారు! విన్నవాళ్లు కొంత తగ్గించుకున్నారు గానీ, ఆ పెంపుకు అది చాలలేదు.

పోనీ, రెండో దారి? పేరుకు శుభ్రమే, కానీ జీతమిచ్చేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారుగా. 1999లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ జీన్ థెరపీ ప్రయోగంలో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ చనిపోయాడు. ప్రయోగాన్ని నడిపిన జేమ్స్ విల్సన్‌కు, తను స్థాపించిన జీన్ థెరపీ కంపెనీ జెనోవోలో అప్పట్లో వాటా ఉండేది, యూనివర్సిటీకీ ఉండేది. అలాంటి క్యాంపస్‌లో కంపెనీ చెక్కు తీసుకోని ఎథిసిస్టు కూడా "ఆపండి" అనడానికి వెనకాముందు ఆలోచిస్తాడు. ప్రభుత్వ నియామకమూ అంతే. మూలకణాల నివేదికలను విమర్శించిన జీవశాస్త్రవేత్త ఎలిజబెత్ బ్లాక్‌బర్న్‌ను 2004లో అమెరికా అధ్యక్షుడి బయోఎథిక్స్ మండలిలో కొనసాగించలేదు. ఆమెకు అక్కడ కంపెనీతో పనే లేదు.

అందుకే నేను ముందు చూసేది చెక్కు కాదు. "వద్దు" అన్నాక పదవి నిలుస్తుందా, ఆ "వద్దు"ను బయట ప్రచురించే హక్కు ఉందా అన్నది చూస్తాను. ఈ రెండూ రాతపూర్వకంగా ఉండి, సలహా ఎటు ఉన్నా ఫీజు మారకపోతే మొదటి దారికే నా ఓటు, లోపలుంటేనే పని జరుగుతుంది కాబట్టి. షేర్లు ఇస్తామంటే మాత్రం చర్చే అనవసరం. ప్రచురణ హక్కు రాసివ్వడానికి కంపెనీ నసిగినా అంతే, ఫీజు ఎంతైనా సరే రెండో దారే మేలు.