తల–మెడ అనాటమీకి ఏది మేలు: అట్లాసా, యాప్‌నా, పుర్రెనా?

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. "సార్, హెడ్ అండ్ నెక్ దేంట్లో చూసి చదవాలి?" చేతులూ కాళ్లూ ఎలాగో గట్టెక్కించినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి టెన్షన్ పడతారు. పడరా మరి? 22 ఎముకల పుర్రె, అందులోని కన్నాల్లోంచి 12 జతల కపాల నరాలు!

పేర్లు రావాలంటే అట్లాస్ కావాల్సిందే. చిక్కల్లా బొమ్మ చదునుగా ఉండటంతోనే. కపాలం నేలను పైనుంచి చూపించే బొమ్మలో ఫొరామెన్ (అంటే కన్నం) రొటండమ్, దాని వెనక ఓవేల్, ఆ పక్కన బుల్లి స్పైనోసమ్ వరసగా చుక్కలు పెట్టినట్టుంటాయి. మూడూ ఒకే తరహా అనుకుని బట్టీ పట్టేస్తాం. నేనూ అంతే. వైవాలో "మాక్సిలరీ నర్వ్ రొటండమ్‌లోంచి ఎటు పోతుంది?" అంటే ధీమాగా "కిందికి" అన్నాను. ఎగ్జామినర్ ఏమీ అనకుండా పుర్రె, ఒక సన్నటి తీగ నా చేతిలో పెట్టారు.

ఓవేల్‌లో దూర్చిన తీగ కిందికి దిగి దవడ దగ్గర తేలింది. రొటండమ్‌లో పెట్టింది దిగనే లేదు, ముఖం వైపు ముందుకు పోయింది. పుర్రెను బోర్లించి అడుగు నుంచి చూస్తే ఓవేల్ కనిపిస్తుంది, రొటండమ్ కనిపించదు. మాండిబ్యులర్ నర్వ్ కింది దవడకూ, మాక్సిలరీ నర్వ్ బుగ్గకూ పై పళ్లకూ ఎందుకు వెళ్తాయో ఆ తర్వాత ఎప్పుడూ బట్టీ పట్టలేదు. నరం ఎటు నుంచి ఎటు పోతోందో తెలియడమే నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. అందుకే నా ఓటు పుర్రెకి.

యాప్‌లోనూ తిప్పి చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు. ఫేషియల్ నర్వ్ చెవి ముందుండే పరోటిడ్ లాలాజల గ్రంథిలో ఐదు కొమ్మలుగా చీలడం చూడాలంటే యాపే హాయి. డిసెక్షన్‌లో ఆ కొమ్మలు తెగకుండా బయటికి తీయడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. కానీ తెర మీద మందం తెలియదు. పుర్రెను కణత దగ్గర వెలుతురుకు అడ్డం పెట్టండి, ఎముక ఎంత పలచనో తెలుస్తుంది. లోపలివైపు వేలితో తడిమితే మిడిల్ మెనింజియల్ ఆర్టరీ అనే రక్తనాళం పారిన గాడి తగులుతుంది. ఎముక విరిగితే ఆ నాళం తెగొచ్చు. కణత మీద దెబ్బంటే డాక్టర్లు ఎందుకు కంగారుపడతారో అక్కడే అర్థమవుతుంది.

ప్లాస్టిక్ పుర్రె కొంటే కన్నాలు అవతలి దాకా తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి, కొన్నింటిలో ఉత్త గుంటలే. వీడియోలు రివిజన్‌కి సరిపోతాయి.

మెడ విషయంలో మాత్రం పుర్రె చేతులెత్తేస్తుంది. అక్కడ అద్దం ముందు మీ మెడే మీకు మోడల్. తల కుడికి తిప్పితే ఎడమవైపు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ కండ తాడులా లేస్తుంది. దాని ముందున్నది యాంటీరియర్ ట్రయాంగిల్, వెనకున్నది పోస్టీరియర్. థైరాయిడ్ మృదులాస్థి పై అంచు నుంచి వేలు పక్కకు జరిపితే కరోటిడ్ ధమని కొట్టుకుంటుంది, కామన్ కరోటిడ్ రెండుగా చీలేది ఆ ఎత్తులోనే. ఒకవైపే మెల్లగా నొక్కండి, రెండువైపులా ఒకేసారి వద్దు. ఇక పళ్లు బిగించి, దవడ కింది అంచు మీద మాసెటర్ కండ ముందు అంచు వెతకండి. దాన్ని ఆనుకుని వేలు పెడితే సన్నగా నాడి తగులుతుంది. ఫేషియల్ ఆర్టరీ ఎముక దాటి ముఖంలోకి ఎక్కేది అక్కడే.