ఏడేళ్ళు వాడాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి, పర్లాకిమిడి నుంచి

నాది బోరు మోటార్లు బాగుచేసే పని. షాపు ఒడిశాలోని పర్లాకిమిడిలో, తిరుగుడు మాత్రం అటు కాశీనగర్ నుంచి ఇటు గుమ్మా కొండల దాకా, ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రా, అటు పిలిచినా వెళ్తాను. 2018 ఆఖర్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా గీయగలిగే ఫ్రీ మ్యాపులో అకౌంట్ తెరిచాను, ఏడేళ్ళు దాటింది, వారంలో ఒక్కసారైనా ఏదోటి మార్చని వారం లేదు, అంచేత వాడి చెప్తున్న మాటే ఇది.

ఎందుకు మొదలెట్టానో చెప్పాలి ముందు. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న తెల్లారకముందే పలాస దగ్గర తీరం దాటింది కదా, గాలి శ్రీకాకుళం వైపు కొట్టింది, వాన మాత్రం మా గజపతి జిల్లా కొండల మీద కుమ్మరించేసింది. బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి చాలామంది పోయారు, ఆ ఊరి పేరు ఇప్పటికీ ఇక్కడ ఎవరూ మామూలుగా పలకలేరు. రెండు రోజులయ్యాక మా వీధివాళ్ళం బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్ళ ప్యాకెట్లు టెంపోలో వేసుకుని ఒక కొండ ఊరికి బయల్దేరాం. ఫోన్లో అప్పుడున్న మ్యాపులో ఆ ఊరి పేరు కనపడింది, దాన్ని పట్టుకునే వెళ్ళాం. తీరా చూస్తే అదే పేరుతో ఇంకో ఊరు. మా వైపు ఒరియాలో బడ అంటే పెద్ద, సాన అంటే చిన్న, ఒకే పేరుకి ముందు ఈ మాట తగిలిస్తారు, మ్యాపులో ఆ ముందు మాట లేదు. వెనక్కి తిరిగి గెడ్డ, అంటే వాగు, దగ్గరకొచ్చేసరికి నీళ్ళు పెరిగిపోయాయి, సరుకు అవతలికి చేరేసరికి చీకటి పడింది. అక్కడొక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని "పొద్దున్న వస్తారనుకున్నాం బాబూ" అంది, అంతే, ఇంకేం అనలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ పోలేదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వికీపీడియా ఎలాగో ఇది మ్యాపుకి అలాగ. 2004లో ఇంగ్లాండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టారు. ఎవరైనా గీయొచ్చు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మొత్తం చరిత్ర కనపడుతుంది, డేటాని ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు, ఎక్కణ్ణించి తీసుకున్నారో చెప్పాలి, డేటా మార్చి పంచితే అదే షరతు మీద పంచాలి. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో ఇళ్ళలో కూర్చుని ఉపగ్రహ ఫొటోల మీద రోడ్లు గీసి సహాయం చేసేవాళ్ళకి అందించారు, అక్కణ్ణించే ఇలాంటి సాయానికి దీన్ని వాడటం బాగా పెరిగింది. అది చదివాకే నాకు అనిపించింది, వాళ్ళు చూడని ఊరికి అంత చేసినప్పుడు రోజూ తిరిగే తోవలు మనం గీసుకోలేమా అని.

వాడకం సంగతి. ఫోన్లో నాకు మూడు యాప్‌లు సరిపోతాయి. తోవ చూసుకోడానికి ఆర్గానిక్ మ్యాప్స్, ఒకసారి ఒడిశా మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, గుమ్మా దాటాక సిగ్నల్ అనేది దేవుడి దయ కాబట్టి నాకిది అన్నిటికన్నా ముఖ్యం. రెండోది స్ట్రీట్‌కంప్లీట్, ఇది నిజంగా మంచి ఆలోచన, మనం నిలబడ్డ చోట చుట్టూ ప్రశ్నలు చూపిస్తుంది, ఈ రోడ్డు తారుదా మట్టిదా, ఇక్కడ వీధి దీపం ఉందా, ఈ బావి నీళ్ళు తాగొచ్చా, జవాబు నొక్కితే చాలు. మా మేనల్లుడు తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడే ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకున్నాడు. ఇది ఆండ్రాయిడ్‌కి మాత్రమే ఉంది. మూడోది ఎవ్రీ డోర్, కొత్తగా బోరింగో కొట్టో కనపడితే చుక్క పెట్టడానికి. రోడ్డు గీయాలంటే మాత్రం ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోవడమే మేలు, ఫోన్లో వేలితో గీయడం చాలా కష్టం, ఆ పని మీద ఆశ పెట్టుకోకండి. ఇంకోటి, మనం మార్చింది వెబ్‌సైట్ మ్యాపులో తొందరగానే కనపడుతుంది గానీ డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపులోకి రావాలంటే కొత్త మ్యాపు వచ్చి దాన్ని అప్‌డేట్ చేసుకునేదాకా ఆగాలి. ఇవాళ గెడ్డ మీద తోవ తెగిపోతే ఇవాళే అందరికీ తెలియడానికి వాట్సాప్‌కి మించింది లేదు, దానికి ఇది పనికిరాదు.

పేర్ల విషయం దగ్గర కొంచెం ఆగుతాను, మా వైపు అదే పెద్ద గొడవ, అదే పెద్ద అందం కూడా. ఇక్కడ ఒక ఊరికి ఒరియాలో ఒక పేరు, మన తెలుగోళ్ళ నోట్లో ఒకటి, సవర వాళ్ళు పిలుచుకునేది ఇంకోటి. మొదట్లో నేను ఉత్సాహం కొద్దీ ఊళ్ళ అసలు పేరు గడిలోనే తెలుగు పేర్లు పెట్టుకుంటూ పోయాను. బరంపురం వైపు నుంచి ఒక ఒరియా ఆయన అవన్నీ వెనక్కి తిప్పేసి నాకు మెసేజ్ పెట్టారు, ఊరి బోర్డు మీద ఏం రాసుందో అది అసలు పేరు గడిలో ఉండాలి, తెలుగుకి వేరే గడి ఉంది, సవరకి కూడా ఉంది, మూడూ పెట్టండి, నేనూ సాయం చేస్తాను అని. కోపం వచ్చింది ముందు. తర్వాత ఆలోచిస్తే ఆయన మాటే న్యాయం. అప్పట్నుంచి ఇద్దరం కలిసే చేస్తున్నాం, ఆయన ఒరియా స్పెల్లింగులు చూస్తారు, నేను తెలుగు, సవర పేర్లు మాత్రం ఊళ్ళోవాళ్ళని అడిగి రాసుకొస్తాను. గిడుగు రామ్మూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం బళ్ళు పెట్టారు, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. సవరకి సొంత లిపి, సొరాంగ్ సొంపెంగ్, మంగేయి గొమాంగో గారు తయారుచేసింది కూడా 1936లోనే. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాల్ని గుర్తుపట్టే పట్టికలో, చోటు దొరికింది గానీ మా దగ్గర చాలా ఫోన్లలో ఇప్పటికీ ఖాళీ డబ్బాలే కనపడతాయి, అయినా ఒక ఊరి మాస్టారు తన ఊరి పేరు ఆ లిపిలో రాసిచ్చి ఎక్కించమన్నారు, ఎక్కించాను. ఫాంటు ఉన్న ఫోన్లో చూపించినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు బోరింగుల కథ. నా పనిలో ఏ ఊళ్ళో ఏ బోరింగు ఎండిపోయిందో, ఏది వాషర్ పోయి పడుందో నాకు తెలుస్తుంది, ఎవరూ అడగరు కాబట్టి నా బుర్రలోనే ఉండిపోయేది. అవన్నీ చుక్కలు పెట్టడం మొదలెట్టాను, పనిచేస్తుందా లేదా, నీళ్ళు తాగొచ్చా, చివరిసారి ఎప్పుడు చూసాం. ఈ చివరి తేదీ గడి ఉంది చూడండి, దీన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. మూడేళ్ళ కిందట చూసి పెట్టిన చుక్కని నమ్మి ఎండల్లో బిందె పట్టుకుని వెళ్తే ఏమవుతుంది? చుక్క ఉండటం కాదు, దాన్ని మళ్ళీ ఎవరు చూసారు అన్నదే అసలు. అందుకని మేము ఆరుగురం ఊళ్ళు పంచుకున్నాం, ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు, దీపావళి అయ్యాక, ఎవరి ఊళ్ళు వాళ్ళు తిరిగి తేదీలు మారుస్తాం. ఒక అంగన్‌వాడీ పిన్ని గారు, ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక పాల వ్యాన్ డ్రైవర్, మా మేనల్లుడు, నేను.

2023లో ఒక పల్లీసభకి, అంటే ఊరివాళ్ళందరూ కూర్చునే సభకి, ఇవే చుక్కలు యూమ్యాప్‌లో, అంటే ఈ మ్యాపు మీద మన చుక్కలు వేసుకునే వెబ్‌సైట్‌లో, వేసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి పట్టుకెళ్ళాం. పనిచేసేవి పచ్చ, పాడైనవి ఎరుపు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ ఊరోళ్ళు అర్జీలు పెట్టారు, "రికార్డులో అన్నీ పనిచేస్తున్నాయి" అనే జవాబే వచ్చేది. ఆరోజు గోడకి కాగితం అంటించాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచొచ్చి ఎర్ర చుక్క మీద వేలు పెట్టి, ఇది మా వీధిది, ఇది సంక్రాంతి నుంచి లేదు, ఇందులో తుప్పు నీళ్ళు అని చెప్పడం మొదలెట్టారు. వచ్చిన ఉద్యోగి ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నారు. నెలన్నరలో కొన్ని బాగుపడ్డాయి, అన్నీ కాదు, రెండు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి, వాటి కోసం ఇంకా తిరుగుతున్నాం.

అదే సభలో ఇంకో సంగతి జరిగింది. ఏటి రేవు కూడా మ్యాపులో పెట్టాం, అది చూసి ఒక అప్ప లేచి "అక్కడ మేం స్నానాలు చేస్తాం, అది తీసీయండి" అంది. వెంటనే తీసేసాం. మామూలుగా ఇళ్ళలో ఉండేవాళ్ళ పేర్లు పెట్టకూడదని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతి ఉంది, అది తెలుసు, కానీ రేవు గురించి మాకు తట్టలేదు. ఇప్పుడు కొత్త ఊరికి వెళ్తే ముందు ఆడవాళ్ళనే అడుగుతాం, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అని.

బాగోలేని సంగతి కూడా చెప్పాలి. ఎక్కడో దూరంగా కూర్చుని మంచి మనసుతోనే ఉపగ్రహ ఫొటో చూసి గీసేవాళ్ళు ఎండాకాలం ఫొటోలో తెల్లగా కనపడిన గెడ్డ ఇసకని రోడ్డనుకుని గీసేస్తారు. మా దగ్గర అలాంటివి నాలుగు దొరికాయి, వానాకాలం రాత్రి ఎవరైనా బండి మీద దాన్ని నమ్మి దిగితే ప్రాణం మీదకొస్తుంది. దిద్దేసాం, కానీ మేము తిరగని కొండ వెనకాల ఎన్ని ఉన్నాయో. ఇంటి నంబరు కొట్టి వెతకడం మా ఊళ్ళలో కుదరదు, ట్రాఫిక్ చూపించదు, బస్సు టైములు లేవు. పట్నంలో హోటల్ వెతుక్కోడానికే మ్యాపు కావాలంటే మీకు వేరేవి ఉన్నాయి. మన ఊరి తప్పు మనమే దిద్దుకోవాలి, ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా ఈ రాత్రికే దిద్దుకోవాలి అనుకుంటే మాత్రం నాకు ఇంతకన్నా మంచిది దొరకలేదు. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి కంప్యూటర్ లేనివాళ్ళకి రోడ్డు గీయడం ఇంత కష్టంగా ఉన్నందుకు తగ్గించాను.

ఈసారి వానలకి ముందు మెళియాపుట్టి వైపు సరిహద్దు ఊళ్ళు చూడాలి, అటు గెడ్డల మీద కాజ్‌వేలు ఏవి మునుగుతాయో మ్యాపులో సరిగ్గా లేవు, మాలో అటు మనిషి లేడు. అటువైపు వాళ్ళు ఎవరైనా చదువుతుంటే పర్లాకిమిడి మ్యాపు తెరిచి ఏరు పక్కన ఉన్న ఏ మార్పు చరిత్ర చూసినా మా ఆరుగురిలో ఎవరో ఒకరు దొరుకుతారు, మెసేజ్ పెట్టండి, బండి నేను తెస్తాను.