ఎలక్ట్రిక్ ఆటో: మూడేళ్లు తోలాక నా మాట

డీజిల్ ఆటో తీసేసి ఎలక్ట్రిక్ ఆటో కొని మూడేళ్లు దాటింది. విశాఖలో గాజువాక, ఎన్‌ఏడీ, కాంప్లెక్స్, మద్దిలపాలెం... నా బేరాలు ఎక్కువగా ఈ దారిలోనే. స్టాండులో అందరూ అడిగేది ఒకటే: మిగులుతుందా? మిగులుతుంది, కాకపోతే షోరూంలో కాగితం మీద వేసి చూపించినంత కాదు.

రోజుకి 120 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కి 400 దాకా పోయేది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది యూనిట్ల కరెంటు. తిరకాసంతా ఇక్కడే. ఇంటి మీటరుకే పెడితే స్లాబు మారిపోతుంది. నెలకి 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75 రూపాయలు. అద్దిల్లయితే ఓనరు సబ్‌మీటరు పెట్టి పది రూపాయలు లాగుతాడు. అయినా రోజుకి వంద లోపే. పర్మిట్ గొడవ లేదు, బ్యాటరీ బండ్లకి కేంద్రం 2018లోనే తీసేసింది. డీజిల్ మీద మిగిలినదాంట్లో సగానికి పైగా బండి వాయిదా మింగేస్తుంది.

హనుమంతవాక ఎత్తులో నిండు బండి మొరాయించదు గానీ, చార్జింగ్ శాతం కళ్లముందే పడిపోతుంది. డీజిల్ బండి కుదుపు లేదు కాబట్టి సాయంత్రానికి నడుం నొప్పి లేదు. చప్పుడు కూడా లేకపోవడంతో వెనకాల వాళ్ల ఇంటి గొడవలన్నీ నా చెవినే పడుతున్నాయి, అది వేరే సంగతి.

మన ఉప్పుగాలి మాత్రం దీనికి పడదు. చార్జింగ్ ప్లగ్ పిన్నులకి పచ్చగా చిలుము పట్టి, రాత్రంతా పెట్టినా ఎక్కలేదు ఒకసారి. గరుకు కాగితంతో రుద్దితే పనిచేసింది. మోటారుని నడిపించే కంట్రోలర్ పోతే మన వీధి మెకానిక్ చెయ్యి పెట్టలేడు. సామాను వచ్చేదాకా బండి ఇంటిముందే.

ఎవరూ చెప్పని నష్టం ఇంకోటుంది. పాత బండిని పగలు నేను, రాత్రి మా వీధి కుర్రాడు అద్దెకి తోలేవాళ్లం. ఇది రాత్రి నాలుగు గంటలపైనే ప్లగ్గుకి ఉండాలి. నాకు డీజిల్ ఖర్చు తగ్గింది, వాడికి పనే పోయింది. ఇప్పుడు పార్సిళ్లు వేస్తున్నాడు.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి స్త్రీశక్తి ఉచిత బస్సు వచ్చాక షేరు బేరాలు బాగా పడిపోయాయి. మా ఇంటావిడ కూడా బస్సే ఎక్కుతోంది, ఏమనగలను? డీజిల్ బండే అయితే ఈపాటికి అమ్మేసేవాణ్ణి. ఖర్చు తక్కువ కాబట్టి తక్కువ కలెక్షన్‌తోనూ ఇల్లు గడుస్తోంది.

కొనేవాళ్లు ముందు చార్జింగ్‌కి చోటు చూసుకోండి, ఆ తర్వాతే బండి. సెకండ్‌హ్యాండ్‌కి వెళ్తే బ్యాటరీ వారంటీ మీ పేరున మారుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.