నేల మీద నారింజ పిట్టా, వాగు దగ్గర ఈలపిట్టా?

కూర్గ్ వైపు వెళ్తే ఈ రెండింటిలో దేనికోసం పొద్దున్నే లేవాలని అడిగితే, నా ఓటు ఈలపిట్టకే, అంటే మలబార్ విజిలింగ్ థ్రష్‌కే. ఎందుకంటే అది కనపడకపోయినా వినిపిస్తుంది. ఇంకా తెల్లవారకముందే, వానాకాలంలో అయితే మరీనూ, వాగు పక్కనుంచి ఎవరో కుర్రాడు పాట సగం మర్చిపోయి తోచినట్టు ఈల వేసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. 25 సెంటీమీటర్ల నల్లటి పిట్ట, ఎండ తగిలితేనే నుదుటి మీద, భుజాల మీద నీలం మెరుస్తుంది. తడి రాళ్ల మధ్య పురుగులు, నత్తలు, పీతలు ఏరుకుంటుంది. పేరులో థ్రష్ (అదో పిట్టల కుటుంబం) ఉంది కానీ ఇప్పుడు దాన్ని ఫ్లైక్యాచర్లనే వేరే పిట్టల కుటుంబంలో వేశారు.

అసలు థ్రష్ రెండోది, ఆ నారింజ పిట్ట, ఆరెంజ్ హెడెడ్ థ్రష్. కొంచెం చిన్నది, 21 సెంటీమీటర్లు. తల, పొట్ట నారింజ రంగు, వీపు బూడిద నీలం, కూర్గ్ వైపు పిట్టలకి తెల్లటి బుగ్గ మీద రెండు నల్లటి నిలువు చారలు కూడా. ఇంత రంగున్నా వెదురు పొద కింద ఎండుటాకుల్లో ఉంటే దొరకదు, టక్‌మని ఒక ఆకు తిరగబడుతుంది, అటు చూసేలోపు మళ్లీ నిశ్శబ్దం. దీని పాట కూడా తీయగానే ఉంటుంది, వేరే పిట్టల కూతల్ని కూడా కలిపేస్తుంది.

ఫొటోల పిచ్చి ఉంటే మాత్రం నారింజదే, ఓపికగా ఓ నీటిగుంట దగ్గర కదలకుండా కూర్చోండి, స్నానానికి వస్తుంది.