ఉయ్యాలబల్లకు ఏ కర్ర మేలు: టేకా, ఇరుగుడా, నిద్రగన్నేరా?

మండువా లోగిళ్లు తగ్గిపోయినా కోనసీమలో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఉయ్యాలబల్ల మీద మోజు తగ్గలేదు. మొన్న మా బావమరిది కూడా ఇదే అడిగాడు: "బావా, చారలు బాగా కనపడే కర్ర కావాలి. ఏది తీసుకోమంటావు?"

చెట్టు తిన్నగా పెరగనిచోటే చార పుడుతుంది. కొమ్మ చీలే పంగలో నార మెలితిరిగి ఈకలా విచ్చుకుంటుంది. బొడిపెలో సుడులు పడతాయి. నార అలలుగా ఎదిగిన మానుని కోసి చిత్రిక పడితే పలక మీద వెలుగూ నీడా వరసగా పరుచుకుంటాయి. ఆ పలకని తడిగుడ్డతో తుడిచి, ఏటవాలు ఎండలో పెట్టి చూడండి. మనం కదిలితే అలలూ కదులుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. కాకపోతే నార మెలితిరిగినచోట బలం తక్కువ, కర్ర వంగేదీ అక్కడే. మనుషుల్ని మోసే బల్ల విషయంలో దీన్ని మరవకూడదు.

అందంలో ఇరుగుడుదే మొదటి పీట. రోజ్‌వుడ్ అని ఇప్పుడు పిలిచేది దీన్నే. ఊదా కలిసిన ముదురు గోధుమరంగు, మధ్యలో నల్లటి గీతలు, కోసినప్పుడు తియ్యటి వాసన. ఘనమీటరు దాదాపు 850 కిలోలు తూగుతుంది. ఆ పొడికి కొందరు వడ్రంగులకు తుమ్ములు, దురద వస్తాయి. 2017 నుంచి ఈ జాతి కర్ర దేశాలు దాటాలంటే అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద అనుమతులు కావాలి. రంగు పూసిన వేరే కర్రని ఇదేనని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. కనపడని మూల ఉలితో చిన్న పెచ్చు లేపండి, లోపల పాలిపోయి ఉంటే వద్దనండి. పడగొట్టిన పాత ఇంటి దూలమో స్తంభమో దొరికితే మాత్రం వదలొద్దు.

టేకులో అంత ఆర్భాటం లేదు. బంగారు గోధుమరంగు మీద సన్నని ముదురు గీతలు, అంతే. కానీ దానిలో సహజంగా నూనె ఉంటుంది. మన డెల్టాలో వానాకాలపు తేమకు ఉబ్బడం, వేసవికి కుంచించుకుపోవడం మిగతా కర్రల కన్నా టేకుకి తక్కువ, చేవ భాగానికి, అంటే మాను నడిమి ముదురు చెక్కకి, చెదల బెడదా తక్కువే. బరువు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు. కర్రలో సిలికా ఉండడంతో చిత్రిక బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది.

నిద్రగన్నేరుని మనవాళ్లు వంటచెరుకు లెక్కన చూడడం నాకు బాధగా ఉంటుంది. కాలవగట్ల మీద, రోడ్ల పక్కన గొడుగులా పరుచుకునే ఆ మాను తుపానుకి పడిపోతే ముక్కలు చేసి పొయ్యిలో పెడతారు. దాని చేవ కాఫీరంగు, చుట్టూ తెల్లచెక్క. పంగ భాగం కోస్తే కనపడే బొమ్మకి ఇరుగుడు కూడా చాలదు అంటాను. ఆరేటప్పుడు పెద్దగా వంగదు, టేకు కన్నా తేలిక, ఒకే పలక మూడడుగుల వెడల్పుతో దొరుకుతుంది. నార అటూ ఇటూ పెనవేసుకుని ఉంటుంది కాబట్టి చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి, పదునైన బ్లేడుతో సన్నగా తీయాలి. తెల్లచెక్క ముచ్చటగా ఉందని ఒక బల్ల అంచుకి అలాగే వదిలేశాను. ఏడాది తిరక్కుండా పుచ్చు పట్టి, రోజూ పొద్దున నేల మీద పిండి రాలేది. చివరికి ఆ అంచు కోసి పారేశాను. మీరు మొదటే తీయించేయండి.

మా బావమరిదికి చెప్పింది ఇది: కూర్చునే బల్లకు తిన్నని నార ఉన్న టేకు, వీపు ఆనే పలకకు నిద్రగన్నేరు పంగచెక్క. గొలుసు కొక్కేలు దిగేచోట ముడి గానీ మెలిక గానీ ఉండకూడదు. అందం కళ్లెదుట ఉంటుంది, బరువు టేకు మీద పడుతుంది. టేకు పొర అతికించిన ప్లైవుడ్ అల్మారా తలుపులకు సరిపోతుంది గానీ దీనికి పనికిరాదు. ఆ పొర అర మిల్లీమీటరే ఉంటుంది, రోజూ రాపిడి తగిలితే అరిగిపోతుంది.

కర్ర తెచ్చిన రోజే కొసలకు మైనం పూసి, పలకల మధ్య సన్నటి రీపులు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చండి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని లెక్క. గృహప్రవేశం రెండేళ్లలో అనుకుంటే, రెండంగుళాల పలక ఇప్పుడే కొనాలి.