వేలూరులో రూము బుక్ చేస్తున్నారా? ఓటీపీ రాకుండా డబ్బు కట్టయితే అక్కడే ఆగండి

నెల్లూరు నుంచి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోయేవాళ్ళు వీధికి ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ళు చదవాలనే ఇది రాస్తున్నా. నాకు పోబోయింది ఐదు వేలు, దానికోసం తిరిగింది రెండు నెలలు.

అక్టోబరులో అమ్మకు చెకప్ ఉంది. మామూలుగా అయితే కాట్పాడి స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి, ఆస్పత్రి చుట్టుపక్కల సందుల్లో యాడో ఒకచోట రూము చూసుకుంటాం. ఈసారి అమ్మ మెట్లు ఎక్కలేదు. లిఫ్టు ఉన్న హోటలొకటి ఉందని పక్కింటాయన పేరు చెప్పాడు. రాత్రి భోజనాలయ్యాక ఆ పేరు ఫోన్లో కొట్టా. పైన మొట్టమొదట వచ్చిన లింకు నొక్కా. హోటలు పేరే పెద్దక్షరాల్లో ఉంది, ఫొటోలు వాళ్ళవే, అడ్రసు వాళ్ళదే. ఆ లింకు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉందని నాకు తెలిసింది నెల తర్వాత. అది హోటలు వాళ్ళ సైటు కానేకాదు. హోటలు పేరును తన పేరులో ఇరికించుకున్న విదేశీ బుకింగ్ సైటు.

రోజుకు 2,400, మూడు రోజులకు 7,200, 5 శాతం జీఎస్టీ 360, మొత్తం 7,560 అని చూపించింది. రోజుకు 7,500 దాకా ఉండే రూములకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 12 శాతం నుంచి 5కు తగ్గిందని పేపర్లో చూసి ఉన్నా, లెక్క సరిపోయిందనుకున్నా. మా ఇంటావిడ నా చేతిలో ఫోను లాక్కుని ఆ పేజీ ఫొటో తీసి వాళ్ళ తమ్ముడికి వాట్సాప్‌లో పెట్టింది, అమ్మతో అతనే పోవాలి కాబట్టి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

క్రెడిట్ కార్డు నంబరు కొట్టా, వెనకున్న మూడంకెలు కొట్టా. ఓటీపీ కోసం చూస్తున్నా. ఓటీపీ రాలేదు, ‘బుకింగ్ ఖరారైంది’ అని వచ్చింది. వెంటనే బ్యాంకు మెసేజి: 142 డాలర్లు. రూపాయల్లో 12,640. ఏందబ్బా ఇది, రూము వేలూరులో, డబ్బు డాలర్లలో!

మన దేశంలోని సైట్లలో కార్డు వాడితే మామూలుగా ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ అడగాల్సిందే. దేశం బయట ఉన్న వ్యాపారికి ఆ నిబంధన లేదు, కార్డు మీదున్న అంకెలు చాలు. విదేశీ లావాదేవీల స్విచ్చి ఆపేసి ఉంటే ఇది జరిగేదే కాదు. బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్చి ఉంటుంది, 2020 నుంచి కొత్త కార్డుల్లో ముందే ఆపేసి ఇస్తున్నారు. మా అబ్బాయి అమెరికా చదువుల పరీక్ష ఫీజు కట్టడానికి నేనే ఆన్ చేసి మరిచిపోయా. పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్ళు నెల్లూరులో ఎన్ని లేవు? అందరూ ఒకసారి యాప్ తెరిచి చూసుకోండి.

సైటులో ఉన్న నంబరుకు చేస్తే అరగంట పాట వినిపించి, తర్వాత ఒకమ్మాయి ఇంగ్లీషులో “అది సర్వీసు ఫీజు, వాపసు రాదు” అని పెట్టేసింది. ఆ సైటుకు ఇండియా నంబరేమైనా ఉందేమో అని మళ్ళీ వెతకబోయా. అట్టా వెతికి దొంగ కస్టమర్ కేర్ చేతిలో పడి, ఏదో యాప్ ఎక్కించుకుని, ఖాతా ఖాళీ చేసుకున్నాయన మా ఆఫీసులోనే ఉన్నాడు. ఆయన మొహం గుర్తొచ్చి ఫోను పక్కన పెట్టేశా.

మా బావమరిది “బావా, 1930కి కొట్టు, కార్డు బ్లాక్ చేయించు, నేను చేయలేదని చెప్పు” అన్నాడు. మీకూ ఎవరో ఒకరు ఇదే సలహా ఇస్తారు. వినొద్దు. 1930 సైబర్ మోసాలకు. ఇక్కడ అంకెలు కొట్టింది నేనే. చేయలేదని రాసిస్తే, ఆ సైటువాడు నా పేరు, మెయిలు, అమ్మ వయసుతో సహా బుకింగ్ కాగితం పంపుతాడు, నేను అబద్ధాలకోరునవుతా. కేసు అక్కడితో సరి.

బ్యాంకు కస్టమర్ కేర్ అబ్బాయి కూడా మొదట అదే అడిగాడు.

“సార్, ఈ లావాదేవీ మీరు చేయలేదా?”

“చేశా బాబూ. కానీ ఇంతకు కాదు. 7,560కి ఒప్పుకున్నా, 12,640 లాగారు.”

“అయితే ఇది ఫ్రాడ్ కాదు సార్, అమౌంట్ డిస్ప్యూట్, అంటే ఎంత లాగారన్న దానిమీద తగాదా” అని ఫారం మెయిల్ చేశాడు. అందులో అడగాల్సింది మొత్తం కాదు, తేడా. 5,080. రూములో ఉండి వచ్చి మొత్తం 12,640 వెనక్కి కావాలంటే ఎవరు ఇస్తారు? ఇంకో సంగతి కూడా ఆ అబ్బాయే చెప్పాడు. మోసం అని ఫిర్యాదు ఉన్న మొత్తం మీద తేలేదాకా చార్జీలు వేయరట, ఇట్టాంటి తగాదాలకు ఆ వెసులుబాటు లేదట. అందుకని కడుపు మండుతున్నా ఆ నెల బిల్లు పూర్తిగా కట్టేశా. కట్టకుండా భీష్మించుకుంటే వడ్డీ పడి, సిబిల్ స్కోరు కూడా చెడేది.

బిల్లులో ఇంకో రెండు గీతలున్నాయి. విదేశీ లావాదేవీ చార్జీ మూడున్నర శాతం, 442 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 80. వేలూరులో పడుకున్నందుకు విదేశీ చార్జీ అన్నమాట!

హోటల్లో కౌంటరు దగ్గర కూర్చునేది చిత్తూరు కుర్రాడు, తెలుగువాడే. మా బావమరిది సంగతంతా చెబితే కంప్యూటరు తెర తిప్పి చూపించాడు. వాళ్ళకు వేరే ఏజెంటు ద్వారా బుకింగ్ వచ్చింది, వాళ్ళ లెక్కలో రూము రేటు 2,400 చొప్పునే ఉంది. “మీలాంటోళ్ళు వారానికొకరు వస్తారన్నా” అన్నాడంట. బతిమాలితే రేటు ఉన్న కాగితం ప్రింటు తీసి, హోటలు ముద్ర వేసిచ్చాడు. ఇట్టాంటి గొడవ పడితే హోటలు నుంచి ఈ కాగితం తెచ్చుకోకుండా రాకండి.

ఫారం పంపిన పదిరోజులకు 5,080 కార్డులో పడ్డాయి. సంబరపడ్డా. అది తాత్కాలిక జమ, అవతలివాడు జవాబిస్తే తీసేసుకుంటారని మెయిల్లో అడుగున ఉంది, నేను చదవలేదు. నవంబరు చివర్లో తీసేసుకున్నారు. ‘షరతులకు మీరు టిక్ పెట్టారు, సర్వీసు ఫీజు అందులో ఉంది, కేసు ముగిసింది.’ రెండు ముక్కల్లో తేల్చేశారు.

అప్పుడు గుర్తొచ్చింది మా ఇంటావిడ వాట్సాప్ ఫొటో. తీసి చూస్తే ‘మొత్తం 7,560, పన్నులతో కలిపి’ అని స్పష్టంగా ఉంది. పైన టైము 9:42. బ్యాంకు మెసేజి వచ్చింది 9:47కి. ఈ ఐదు నిమిషాల్లో 5,080 యాడ నుంచి పుట్టాయి అని ఒక్క ప్రశ్న రాసి, ఫొటో, ముద్ర కాగితం, మెసేజి మూడూ జత చేసి, ఈసారి కస్టమర్ కేర్‌కు కాకుండా బ్యాంకులో ఫిర్యాదులకు పెద్దయిన ప్రధాన నోడల్ అధికారికి పంపా. ఆయన మెయిలు బ్యాంకు సైటులోనే ఫిర్యాదుల పేజీలో ఉంటుంది. రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారం, బిల్లు తప్పన్నప్పుడు 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే రుజువు కాగితాలు ఇవ్వాలి కదా, సైటువాడు పంపిన కాగితాలు నాకూ చూపించండి అని అడిగా. జవాబు నచ్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు పోతానని కూడా రాశా.

ఉత్తుత్తి బెదిరింపు కాదు. అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేదు, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటులోనే పెట్టొచ్చు, సందేహాలుంటే 14448. అయితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. వాళ్ళు తిరస్కరించాలి, లేదా 30 రోజులు పలక్కుండా ఉండాలి. నేరుగా పోతే తిప్పి పంపుతారు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు కూడా చేశా, ఫిర్యాదు నంబరిచ్చారు గానీ, ఆ సైటుకు మన దేశంలో ఆఫీసు కనబడక అది ముందుకు కదల్లేదు.

అంబుడ్స్‌మన్ ఫారం సగం నింపి పెట్టుకున్నా. తొమ్మిదో రోజు 5,080 మళ్ళీ పడ్డాయి. ఈసారి మెయిలు అడుగుదాకా చదివా, తాత్కాలికం అన్న మాట లేదు. 442, 80 మాత్రం రాలేదు. వాటికోసం ఇంకో ఉత్తరం రాసే ఓపిక నాకు లేదు, ఉన్నవాళ్ళు రాసుకోవచ్చు.

అమ్మకు ఏప్రిల్లో మళ్ళీ చెకప్. ఆ చిత్తూరు కుర్రాడికే ఫోన్ చేసి రూము చెప్పా. రేటు అదే 2,400, అడ్వాన్సు కూడా అడగలేదు.